ఎగురుటకు ముందటి దినములు

యుద్ధమనగానే మన కన్నుల యెదుట నిలుచునవి తుపాకులు, బాంబులు, మండుచున్న పట్టణములు. కాని ఆ యుద్ధకాలములో ఒక్క గుండైనను కాల్చక, కేవలము సిద్ధపడుచు నెలల తరబడి గడపిన యువకులు లక్షకు పైగా నుండిరి. వారు తెల్లవారక మునుపే లేచిరి, పక్కబట్టలు మడిచిరి, బూట్లకు మెరుగు పెట్టిరి, లెక్కలు నేర్చిరి, పరీక్షలు వ్రాసిరి, తల్లులకు ఉత్తరములు వ్రాసిరి. వారిలో కొందరు శత్రువు ముఖమైనను చూడకుండ సమాధికి చేరిరి. ఈ నెల వారి సంగతి మీతో మాట్లాడ గోరుచున్నాను. యుద్ధమును పొగడుట నా ఉద్దేశము కాదు. ఆ కుర్రవాండ్రు నేర్చిన విద్య తరువాత ఎన్ని యిండ్లను కూల్చెనో, ఎందరు పసిబిడ్డలను చంపెనో నేనెరుగుదును. అయినను వారి దినచర్యలో మన సంఘములకు పనికివచ్చు సంగతి యొకటి యున్నది.

రెండవ ప్రపంచ యుద్ధము 1939 సెప్టెంబరులో మొదలయ్యెను. ఇంగ్లండు చిన్న దేశము. అక్కడి ఆకాశము తరచుగా మబ్బు పట్టియుండును. పైగా శత్రు విమానములు వచ్చి పడుననెడి భయము. అట్టి చోట క్రొత్తవారికి విమానము నడుపుట నేర్పుట యెట్లు? కావున 1939 డిసెంబరు 17న బ్రిటను, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు ప్రభుత్వములు కెనడా రాజధానియగు అటావాలో ఒక ఒడంబడిక చేసికొనెను. గోధుమ పొలముల నడుమ విమానాశ్రయములు లేచెను. 1945 మార్చి 31న ఆ యేర్పాటు ముగియునాటికి 1,31,553 మంది అచ్చట శిక్షణ ముగించుకొని వెళ్లిరి. విమానము నడుపువారే కాదు, దారి లెక్క కట్టువారు, బాంబు గురి చూచువారు, వైర్‌లెస్ పనివారు, మరతుపాకివారు, అందరును ఆ లెక్కలో నున్నారు. మన దేశములోను అట్టి పాఠశాలలుండెను. హైదరాబాదు బేగంపేటలో ఆ యుద్ధకాలముననే టైగర్ మాత్ అను చిన్న రెండంతస్తుల రెక్కల విమానములమీద మన భారతీయ యువకులు మొదటి పాఠములు నేర్చిరి. మా తాతగారి తరమువారు వాటిని గాలిమోటార్లు అనెడివారు.

నేను కెనడా సంగతి వ్రాయుటకు కారణము, అక్కడి శిబిరమొకటి కన్నులార చూచియుండుటయే. మా అమ్మాయి విన్నిపెగ్ పట్టణములో నర్సుగా పని చేయుచున్నది. నేను అక్కడికి వెళ్లినప్పుడు పడమటగా రెండువందల కిలోమీటర్ల దూరముననున్న బ్రాండన్ అను ఊరికి నన్ను తీసికొనిపోయిరి. 1941లో అచ్చట తెరచిన శిక్షణ శిబిరపు హాంగరు, అనగా విమానముల కొట్టము, నేటికిని నిలిచి మ్యూజియముగా నున్నది. లోపల పసుపు పచ్చని విమానములు. నేర్చుకొనువాడు ఎక్కడ తిరుగుచున్నాడో దూరమునుండియే అందరికి తెలియవలెనని శిక్షణ విమానములకు ఆ రంగు వేసెడివారట. మన క్రొత్త డ్రైవరు బండికి అంటించు ఎర్ర అక్షరము వంటిదే.

క్రొత్తగా చేరినవాడు మొదట చేరుకొను చోటు విమానాశ్రయము కాదు. టొరాంటోలోను, ఈ బ్రాండన్‌లోను పశువుల ప్రదర్శనలు జరుగు పెద్ద శాలలుండెను. వాటినే ఖాళీ చేసి వందలకొలది మంచములు వేసిరి. ఆకాశమున ఎగురుదుమని ఆశపడి వచ్చిన పట్నపు బిడ్డలు ఎడ్లు కట్టిన చోట, ఆ వాసనలోనే పండుకొనిరి. (పశువుల పాకలో మొదలైన గొప్ప సంగతి మనకు క్రొత్త కాదు గదా.) అక్కడ వారములకొలది చేసినదేమనగా: జుట్టు కత్తిరించుకొనుట, సూదిమందులు, కవాతు, బూట్లు తుడుచుట, గచ్చు కడుగుట. విమానము మాటయే లేదు.

తరువాత బడి. లెక్కలు, గాలి గతులు, పటముమీద దారి గీయుట. లింక్ యంత్రమను ఒక బొమ్మ విమానము కూడ నుండెను. దీని సంగతి చెప్పక మానలేను. 1929లో దానిని చేసిన ఎడ్విన్ లింక్ అను అమెరికావాని కుటుంబము పియానోలు, ఆర్గన్‌లు చేయు వ్యాపారము గలది. గాలి తిత్తులు ఉబ్బుట, ముడుచుకొనుట వలన ఆ పెట్టె ప్రక్కకు వంగును, ముక్కు ఎత్తును, దించును. మీ గుడిలోని హార్మోనియము తిత్తిని తలంచుకొనుడి. అట్టి తిత్తులమీద కూర్చుండి, మూత వేసికొని, బయట ఏమియు కనబడకుండ గడియారపు ముండ్లను మాత్రమే నమ్మి నడుపుట వారు నేర్చుకొనిరి. మబ్బులో మనిషి ఒడలు అబద్ధము చెప్పును; వంగియున్నను నిటారుగా నున్నట్లే తోచును. ఆ మాట నేను ప్రసంగములో ఎన్నిసార్లు వాడుకొంటినో మా సంఘమువారికి తెలియును.

ఆ పిమ్మటనే నిజమైన విమానము. ఉదయము సగము మంది ఎగురుట, సగము మంది తరగతిలో కూర్చుండుట. మధ్యాహ్నము అటువారు ఇటు, ఇటువారు అటు. టైగర్ మాత్‌లో ముందు గురువు, వెనుక శిష్యుడు. ఇంజను హోరులో మాట వినబడదు గనుక ఒక రబ్బరు గొట్టము ద్వారా గురువు మాటలాడును. లేచుట, ఊరి చుట్టు ఒక ప్రదక్షిణము, దిగుట. మరల లేచుట, మరల దిగుట. సుమారు పది గంటలు ఇట్లు గడచిన తరువాత ఒక దినమున గురువు తన సీటులోనుండి దిగి, ఇక నీవొక్కడవే పొమ్మనును. ముందు సీటు ఖాళీగా నుండగా లేచిపోయిన ఆ మొదటి నిమిషములను వారు ముసలితనమువరకు మరువలేదు.

అయితే చదువరీ, నా మనస్సు ఆ హాంగరులో నిలిచిపోయినది పైలట్లయొద్ద కాదు, నేలమీది పనివారియొద్ద. ఆ దేశమున చలికాలములో సున్నకు దిగువ ముప్పది డిగ్రీలవరకు చలి పడును. చేతి తొడుగు తీసి ఇనుమును ముట్టినయెడల చర్మము దానికి అంటుకొనిపోవును. అయినను తొడుగులతో చిన్న మరలు బిగించుట సాధ్యము కాదు. ఇంజను చూచువాడొకడు, రెక్కలు, తీగలు, చక్రములు చూచువాడొకడు ప్రతి ఉదయము ప్రతి విమానమును తడవి చూచి, ఒక పుస్తకములో సంతకము చేయవలెను. ఆ సంతకములు చూచిన తరువాతనే పైలట్ తన సంతకము చేసి ఎక్కును. నిన్న చూచితిమి గదా అనుటకు వీలు లేదు. నిన్నటి సంతకము నిన్నటికే.

1941లో కెనడా వైమానిక దళమున స్త్రీల విభాగము ఏర్పడెను. వారిలో కొందరికి పారాషూట్లు మడచు పని యుండెను. పొడవాటి బల్లమీద పట్టు గుడ్డను పరచి, త్రాళ్లు చిక్కు పడకుండ సవరించి, మడతలు పెట్టి, సంచిలో కూర్చి, తమ పేరు వ్రాయవలెను. తాను మడచిన గుడ్డ ఎన్నటికిని తెరవబడకూడదని కోరుకొనుచు, తెరవబడవలసి వచ్చినయెడల తప్పక తెరచుకొనునట్లు మడచుట! వంట, పడక, ఆస్పత్రి, గుమాస్తా పని, మంచు తొలగించుట, ఇవి చేసినవారు వేలకొలది. వారి రొమ్ముమీద రెక్కల బిళ్ల లేదు.

సమూయేలు మొదటి గ్రంథము ముప్పదియవ అధ్యాయము తీసి చదువుడి. బెసోరు వాగుయొద్ద అలసి నిలిచిపోయి సామాను కాచిన రెండువందల మందికి, యుద్ధమునకు పోయినవారితో సమానముగా పాలు ఇయ్యవలెనని దావీదు కట్టడ చేసెను. ఇయ్యకూడదని వాదించినవారిని ఆ గ్రంథము మెచ్చుకొనలేదు. మన సంఘములలో గుడి ఊడ్చు అమ్మకును, గంట కొట్టు తాతకును సమానమైన పాలు ఇచ్చుచున్నామా అని నేను అడుగను. మీ పంచాయతీ పెద్దలను మీరే అడుగుకొనుడి.

పైలట్ కాలేకపోయినవారును అనేకులుండిరి. కన్ను చాలలేదనియో, దిగుటలో నిదానము లేదనియో తప్పించి, దారి లెక్క పనికో మరతుపాకి పనికో పంపిరి. కొందరు ఆ రాత్రి దుప్పటి ముసుగులో ఏడ్చిరట. దీనికి విరోధముగా, మిక్కిలి బాగుగా నేర్చినవారిలో అనేకులను యుద్ధమునకు పంపక, అక్కడనే గురువులుగా నిలిపివేసిరి. బహుమానము రావలసినవానికి శిక్ష పడినట్లాయెను. తమ శిష్యులు సముద్రము దాటి పోవుచుండగా వీరు అదే పొలముల మీద అదే ప్రదక్షిణము తిరిగిరి. వేదాంత పాఠశాలలో నాకు గ్రీకు భాష నేర్పిన పెద్దాయన ముఖము నాకు అప్పుడు కనబడెను.

ఇక మరణముల సంగతి. ఈ శిక్షణలోనే 850కి పైగా యువకులు చనిపోయిరి. రాత్రి దారి తప్పుట, మంచు తుపాను, ఒకదానికొకటి తగులుట, చూచువారు మెచ్చవలెనని అతి దిగువగా ఎగురుట, ఇవి కారణములు. తోటివారు పెట్టెను మోసిరి. సైనిక పాదిరి ప్రార్థన చేసెను. మరునాడు పసుపు విమానములు మరల లేచెను. ఆ ప్రాంతపు ఊళ్ల శ్మశానములలో ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలాండు బిడ్డల సమాధి రాళ్లు నేటికిని వరుసగా నున్నవి.

శిక్షణ ముగించినవారిలో ఒకడు జాన్ గిలెస్పీ మగీ. అతడు 1922లో చైనాలోని షాంఘైలో పుట్టిన మిషనరీ కుమారుడు. అతని తండ్రి 1937లో నాన్‌కింగ్ పట్టణమున ఘోరమైన హత్యాకాండ జరుగుచుండగా పారిపోక నిలిచి, దానిని కెమెరాతో చిత్రించి లోకమునకు సాక్ష్యమిచ్చిన దైవజనుడు. కుమారుడు 1941 జూనులో కెనడాలో రెక్కల బిళ్ల పొంది ఇంగ్లండునకు వెళ్లెను. ఎగురుటలోని ఆనందమును గూర్చి అతడు వ్రాసి తలిదండ్రులకు పంపిన పద్యమును నేటికిని ఆంగ్లము తెలిసిన దేశములన్నిటిలో చదువుచున్నారు. 1941 డిసెంబరు 11న, పందొమ్మిదవ యేట, మబ్బులోనుండి దిగుచుండగా అతని విమానము ఇంకొక విమానమునకు తగిలెను. ఇద్దరును చనిపోయిరి. ఆ రెండవ విమానమును నడిపినవాడు ఇంకను శిక్షణలోనే యున్న కుర్రవాడు. వాడు పద్యమేదియు వ్రాయలేదు, లేక వ్రాసినను మనకు చేరలేదు. వాని ఇంటికిని ఒక తంతి పోయియుండును గదా.

ఈ సంగతి నా మనస్సులో తిరుగుట కేవలము మ్యూజియము వలన కాదు. మా సంఘములో ఒక విధవరాలున్నది. కూలి చేసి కుమారుని చదివించెను. వాడు సైన్యములో చేరి, శిక్షణ ఇంకను కొన్ని వారములు మిగిలియుండగా, జ్వరముతో చనిపోయెను. భూస్థాపనకు ఊరంతయు వచ్చెను. అటు తరువాత కొన్ని దినములకు నేను వారి యింటికి పోగా ఆమె నన్ను అడిగినది ఇది: "అయ్యగారూ, దేశం కోసం వెళ్లాడని అందరూ అంటున్నారు. వాడు ఒక్క రాత్రయినా సరిహద్దులో కాపలా కాయలేదే. వాడు ఏం చేశాడని నేను చెప్పుకోవాలి?"

దేవునికి అవసరమైయుండి పిలుచుకొన్నాడని చెప్పు బోధకులున్నారు. నేనట్లు చెప్పను. బిడ్డను పోగొట్టుకొన్న తల్లియెదుట దేవుని అట్లు నిలువబెట్టుట నాకు ఇష్టము లేదు. నేను రాజుల మొదటి గ్రంథము ఎనిమిదవ అధ్యాయము తీసితిని. దావీదు మందిరము కట్టవలెనని తలంచెను, కట్టలేదు, ఒక్క రాయియైనను నిలువబెట్టలేదు. అయినను ఆ తలంపు హృదయములో నుండుటయే మంచిదని ప్రభువు అతనితో చెప్పినట్లు సొలొమోను ప్రజలందరియెదుట జ్ఞాపకము చేసెను. మీవాడు ప్రతి తెల్లవారుజామున లేచి పరుగెత్తిన ఆ నెలలును, పక్క మడిచిన ఆ ఉదయములును ప్రభువు లెక్కలో సేవయేనమ్మా అని చెప్పితిని. ఆమె విన్నది. తల ఊపలేదు, కాదనలేదు.

తరువాత నేను ఆ దూరదేశపు సమాధుల సంగతి, అక్కడి పసుపు విమానముల సంగతి ఆమెకు చెప్పితిని. ఇంటినుండి వేల మైళ్లు వచ్చిన ఆ పిల్లలను చూచి చుట్టుప్రక్కల రైతు కుటుంబములవారు ఊరకుండలేదని, ఆదివారము తమ యింటికి భోజనమునకు పిలుచుకొని పోయెడివారని చెప్పితిని. అంతవరకు నేల చూచుచున్న ఆమె అప్పుడు తల ఎత్తెను.

"ఆళ్లకి ఎవరూ కారు గదా అయ్యగారూ? అయినా పిలిచి పెట్టారా?"

"పెట్టారమ్మా."

"ఏం పెట్టేవారు?"

కాల్చిన కోడిమాంసము, ఉడికిన బంగాళాదుంపలు, రొట్టె, తీపి పదార్థమేదో ఒకటి అని చెప్పితిని. ఆమె కొంతసేపు ఆలోచించెను.

"అన్నం లేదా?" అనెను.