వంటచెఱకు

పొయ్యిలో పెట్టు కట్టెలకు తెలుగున వంటచెఱకు అని పేరు. ఈ చెఱకును ఎవరును నమలి చప్పరింపరు. కాని ఇంటిల్లిపాదికి అన్నము రుచి చూపునది ఇదియే. బియ్యము కొనునప్పుడు నాలుగు గింజలు అరచేతిలో పోసికొని చూతురు. కందిపప్పు కొనునప్పుడు ఒక పలుకు కొఱికి చూతురు. వంటచెఱకు విషయమున మాత్రము అంతటి శ్రద్ధ కానరాదు. దొరకినదే కట్టె, మండినదే నిప్పు అని సరిపెట్టుకొందురు. ఒక్కింత ఆలోచించినచో, వండు తల్లి కన్నులు, చేని సారము, అడవి పచ్చదనము మూడును ఆ కట్టెలమోపుతో ముడివడి యున్నవని తెలియును.

కర్నూలు నుండి ఆత్మకూరునకు పోవు బాటలో నందికొట్కూరు కలదు. కర్నూలు జిల్లాలో నుండిన ఈ ఊరు, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినది. సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరిన కర్నూలు–కడప కాలువ నీరు అందుచోట్ల వరి పండును. మెట్టచేలలో ప్రత్తి, కంది, జొన్న, వేరుసెనగ పండును. తూర్పుదిక్కున నల్లమల కొండలు కలవు. చలిదేశములందు మంచు కురియు కాలమున గదులను వెచ్చచేసికొనుటకై, ఱంపపుపొట్టు మొదలగువానిని అదిమి చేసిన దిమ్మెలను కొనుట వాడుక. నందికొట్కూరు ప్రాంతమున గదిని వెచ్చచేయవలసిన పని లేదు. ధనుర్మాసపు వేకువజామున చలి వణకించినను, ప్రొద్దెక్కిన కొలది ఎండయే దుప్పటి యగును. ఇచట నిప్పు కావలసినది వంటకును, నీళ్ళకాగునకును. అయినను ఏది కొని మండింపవలెనను ప్రశ్న రెండుచోట్లను ఒక్కటియే.

ఈ సీమ పల్లెలలో పొయ్యికి ఏమేమి ఆహారమైనవో చూడుడు. ప్రత్తి తీసిన పిమ్మట పెఱికిన ప్రత్తికట్టె, కంది నూర్చిన పిమ్మట మిగిలిన కందికట్టె, గట్లమీద పెరిగిన సీమతుమ్మ కంప, వేరుసెనగ పొట్టు, వీనికి తోడు పిడకలు. పేడను ముద్దచేసి, పొట్టు కలిపి, గోడకు చఱచి, ఎండిన పిమ్మట గూడుగా పేర్చుట ఇల్లాండ్ర నిత్యకృత్యము. "రామాయణములో పిడకలవేట" అను సామెత పిడకను అల్పవస్తువుగా చెప్పును గాని, వానకాలమున పొడి పిడక దొరకని యింట అదియే పెద్ద రామాయణము. కర్నూలు జిల్లాలోని కైరుప్పలలో ఉగాది మఱునాడు జనులు రెండు జట్లై పిడకలు విసరుకొను వేడుక కలదు. పిడకకును ఈ సీమ బ్రదుకునకును గల చుట్టఱికమునకు ఇంతకంటె సాక్ష్యమేల?

అయితే పిడకలో ఒక ధర్మసందేహము దాగియున్నది. పేడ పొయ్యికి చెందవలెనా, చేనికి చెందవలెనా? పిడకను కాల్చినపుడు పేడలోని నత్రజని గాలిలో కలిసిపోవును. బూడిదలో పొటాషు వంటి లవణములు మిగులును గాని, నేలను గుల్లపఱచు సేంద్రియ పదార్థము మిగులదు. ఇంట మంట కొఱకు చేనికి పస్తు పెట్టుట యగును. పేడను గొయ్యిలో పులియబెట్టి గోబరు గ్యాసు తీయు పద్ధతి ఈ చిక్కును కొంత విడదీసినది. అందు మంటకు వాయువు దక్కును, చేనికి ఎరువును దక్కును. కాని దానికి పశువులు కావలెను, నీరు కావలెను, దినదినమును కలిపి పోయు ఓపిక కావలెను. ఎద్దులు తగ్గి ట్రాక్టర్లు వచ్చిన ఇండ్లలో పేడయే కఱవైనది.

ఇక పొగ సంగతి. కట్టె కొనునది ఒకరు. ఆ పొగ మ్రింగునది వేఱొకరు. మోపు వెల తక్కువయని ఇంటి యజమాని సంతోషించును. ఆ తక్కువైన వెలను ఇల్లాలు కన్నీటితో, దగ్గుతో చెల్లించును. చంకలోని బిడ్డయు ఆమెతోపాటు చెల్లించును. ఇండ్లలోని పొగవలన 2020లో లోకమున సుమారు 32 లక్షల మంది అకాలమరణము పాలైరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టినది. పొగ అనునది వృథాగా పోయిన కట్టెయే. పూర్తిగా కాలకుండ తేలిపోయిన ఇంధనమే గొంతును గోకును, గోడను నలుపుచేయును.

ఈ బాధను చూచి ఊరకుండనివారు తెలుగునాటనే కలరు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో పనిచేసిన డాక్టరు ఎస్. పి. రాజు, మట్టితోనే కట్టుకొనదగిన పొగలేని పొయ్యిని రూపొందించి, దానిని గూర్చి 1953లో ఒక పుస్తకము వెలువరించెను. ఒక్క మంటపై కొన్ని కుండలు వరుసగా కాగుట, మిగిలిన పొగ గొట్టము గుండ ఇంటిపైకి పోవుట దాని కీలకము. 1983లో కేంద్రప్రభుత్వము మేలైన పొయ్యిలను దేశమంతటను కట్టించు కార్యక్రమమును చేపట్టినది. లక్షలకొలది పొయ్యిలు లేచినవి. కాని మసి తీయని గొట్టములు మూసికొనిపోయినవి. వంటతీరునకు ఒదుగని పొయ్యిలు మూలపడినవి. పొయ్యి కట్టుట యొక దినపు పని, దానిని కాపాడుకొనుట ప్రతిదినపు పని.

తరువాత గ్యాసు వచ్చినది. 1999లో ఆంధ్రప్రదేశమున దీపము పథకము, 2016లో దేశమంతటికి ఉజ్జ్వల పథకము పేద యిండ్ల స్త్రీలకు గ్యాసును అందించినవి. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఏటికి మూడు సిలిండర్లు ఉచితమని దీపము రెండవ విడతను ఆరంభించినది. నాలుగు గోడల నడుమ వంట చేయువారికి దీనితో పోల్చదగిన కట్టెయే లేదు. అయినను కట్టెపొయ్యి ఆఱిపోలేదు. నీళ్ళకాగు క్రింద, పెండ్లివంటల గాడిపొయ్యిలో, జొన్నరొట్టె పెనము క్రింద, సిలిండరు నిండుకొన్న దినమున అది మండుచునే యున్నది. మండునంతకాలము మేలైనదానిని ఏరుకొనుట వివేకము.

ఆ ఏరికలో నేడు చోటు సంపాదించినదే అదిమిన దిమ్మె. బజారులో దీనిని బ్రికెట్టు అందురు. వేరుసెనగ పొట్టు, ప్రత్తికట్టె, ఱంపపుపొట్టు, వరి ఊక వంటివి దీనికి ముడిసరకు. విడిపొట్టు ఒక ఘనమీటరు తూచినచో నూఱు కిలోలకు అటునిటుగా తూగును. బండి నిండును గాని బరువు నిండదు. పొయ్యిలో వేసిన భగ్గున మండి చప్పున చల్లారును. దానిని ఎండబెట్టి, నలుగగొట్టి, బలమైన యంత్రములో అదిమినచో ఒరపిడికి వేడి పుట్టును. మ్రానులో, కాడలో సహజముగా నుండు లిగ్నిన్ అను పదార్థము ఆ వేడికి మెత్తబడి, పొట్టునంతటిని అతికించును. చల్లారిన పిమ్మట గట్టిపడును. జిగురు కలుపనక్కఱలేదు. ఇట్లు చేసిన దిమ్మె, అదే పరిమాణము గల నీటికంటె బరువుగా నుండును.

దిమ్మె యైనను, కట్టె యైనను కొనునప్పుడు చూడవలసినవి నాలుగు గుణములు. మొదటిది పొడితనము. అప్పుడే నఱికిన పచ్చికట్టె బరువులో సగము వఱకు నీరే ఉండవచ్చును. ఒక కిలో మరుగునీటిని ఆవిరిగా మార్చుటకే 540 కిలోకెలోరీల వేడి కావలెను. పచ్చికట్టె కొనువారు నీటికి వెల యిచ్చి కొని, ఆ నీటిని కాచుటకు మఱల కట్టెనే కాల్చుచున్నారు. మంచి దిమ్మెలో తేమ నూటికి పదిపాళ్ళకు అటునిటుగా మాత్రమే ఉండును.

రెండవది గట్టితనము. ఒక ముక్కను నీటిలో వేసి చూడవచ్చును. బాగుగా అదిమినది వెంటనే మునుగును. తేలియాడునది వదులుగా నున్నదని అర్థము. మునిగిన ముక్క కొంతసేపటికి నాని ఉబ్బి విడిపోవును. కావున దిమ్మెలను వానకు తడియనిచ్చుట కూడదు. మూడవది బూడిద. మంచి కట్టె కాలిన నూటికి ఒకటి రెండుపాళ్ళే బూడిద మిగులును. వేరుసెనగ పొట్టునకు అంతకంటె కొంత హెచ్చు. వరి ఊకకు ఇంచుమించు ఐదవవంతు బూడిదయే. ఊకలోని సిలికా ఎంత మంటకును మండదు. మట్టి కలిసిన పొట్టుతో చేసిన దిమ్మె చూపునకు బాగుండును, పొయ్యికి భారమగును. కొంచెము తెచ్చి, తూచి, కాల్చి, మిగిలిన బూడిదను మఱల తూచినచో అమ్మువాని మాటలో నిజమెంతయో తేలును. నాల్గవది వాసన. రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్కు ముక్కలు కలిసిన దిమ్మెను ఇంట కాల్చరాదు; అందుండి వెలువడునది విషము.

ఈ నాలుగును కుదిరినను పొయ్యి కుదురవలెను. యంత్రశాలల బాయిలర్లకై చేసిన లావుపాటి దిమ్మెను మూడురాళ్ళ పొయ్యిలో కుక్కినచో, గాలి చాలక అది పొగచూరునే గాని మండదు. చిన్న ముక్కలు చేసి, ఇనుప జల్లెడపై పేర్చి, క్రిందినుండి గాలి ఆడునట్లు చేసినచో నిలుకడగా మండును. సాధారణమైన పొయ్యిలో కట్టెయొక్క వేడిలో పదవవంతు నుండి ఏడవవంతు వఱకే కుండకు చేరుననియు, తక్కినది నలుదిక్కుల పోవుననియు ఎఱిగినచో, వంటచెఱకు మార్చుటకు ముందు పొయ్యిని మార్చుటయే లాభమని తోచును. ఇంకొక హెచ్చరిక. చలికి తాళలేక తలుపులు మూసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాపాయము. నిప్పులనుండి పుట్టు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. దిమ్మెకును ఈ దోషము తప్పదు.

దిమ్మెలకు తగిన చోట్లు కొన్ని కలవు. వసతిగృహములలో పెద్ద గుండిగలు దించు వంటశాలలు, గాలి ఆడు పెరటిలోని నీళ్ళకాగులు అట్టివి. చేలలో ఊరక తగులబెట్టు ప్రత్తికట్టె దిమ్మెగా మాఱినచో గులాబీరంగు పురుగు దాగుటకు చోటు తగ్గును. రైతుకు నాలుగు రూపాయలు దక్కును. నల్లమల చెట్టుపై గొడ్డలివేటు తగ్గును. కాని దూరమునుండి లారీలో వచ్చిన దిమ్మె వెలలో మోతకూలియు చేరును. ఊరి పొట్టు ఊరి చెంతనే దిమ్మె కావలెను. పశువులు తిను జొన్నచొప్పను యంత్రమున వేయరాదు. చేనికి చెందవలసిన ఆకు అలములన్నింటిని ఊడ్చి తెచ్చుటయు తగదు. వ్యర్థమునకు వెల కట్టుట మంచిదే; వెల వచ్చినదని ప్రతిదానిని వ్యర్థమనుట మంచిది కాదు.

ఇట్లు లెక్కింపగా వంటచెఱకు వెల అంగడిలో చెప్పిన రూపాయలతో ముగియదు. మోసిన తల, ఊదిన ఊపిరి, తోమిన మసిగిన్నె, పస్తున్న చేను ఇవి యన్నియు ఆ వెలలోనివే. వీనిని కూడి చూచినపుడు చౌక అనుకొన్నది ప్రియమగును. ప్రియమనుకొన్నది చౌక యగును. ఈ కూడిక అందఱికంటె బాగుగా తెలిసినది పొయ్యి ముందు కూర్చుండునామెకే. అందుచేత ఇంటికి వంటచెఱకు కొనునాడు మొదట అడుగవలసిన మాట ఆమె మాటయే. అంగడికి పోవువాడు ఒక్కనాడైనను ఆ పొయ్యి ముందు కూర్చుండి అన్నము వార్చి చూచినచో, అడుగకయే ఆ మాట వినబడును.