నొప్పికి సాక్ష్యం

ఇంట్లో మగవాడు గుండె పట్టుకుంటే అంబులెన్సు వస్తుంది. ఇల్లాలు పట్టుకుంటే సోడా వస్తుంది. "గ్యాసేలే, కాస్త జీలకర్ర నములు" అంటారు. మీ ఇంట్లో అలా కాదంటే సంతోషమే!

మా పెద్దవదినకి కిందటేడు దవడ లాగడం, వీపులో నొప్పి, ఒళ్ళంతా చెమటలు. రక్తపరీక్షలో గుండె దెబ్బతిన్న జాడ కనిపించింది. తీరా యాంజియోగ్రాం చేస్తే పెద్ద అడ్డంకులేవీ లేవన్నారు. చుట్టాలంతా "హమ్మయ్య, ఏం లేదుట" అనుకుంటూ ఇళ్ళకి వెళ్ళిపోయారు.

"ఏమీ లేకపోతే ఈ నొప్పెవరిదే?" అంది వదిన నాతో.

ఇలా అడ్డు కనిపించని గుండెపోటు మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలోనే ఎక్కువట. ఆ మాట చెప్పిన డాక్టరమ్మే ఎమ్మారై తీయిద్దామన్నారు. గాజులు, పుస్తెలతాడు, పిన్నీసులు సరే, ముప్పయ్యేళ్ళ మెట్టెలు మాత్రం సబ్బునీళ్ళు పోస్తేగాని ఊడిరాలేదు. అది 1.5 టెస్లా యంత్రం. దిక్సూచి ముల్లుని తిప్పే భూమి అయస్కాంతానికి దాదాపు 30,000 రెట్లన్నమాట! గెడోలినియం అనే మందు నరంలోకి ఎక్కించి, పది నిమిషాలాగి బొమ్మ తీస్తే, చెడిన కండరంలో అది నిలిచిపోయి తెల్లగా కనిపిస్తుంది. వదిన గుండెలో గోరంత తెల్లమచ్చ. అదీ నొప్పి చిరునామా.

యాంజియోగ్రాం చూపేది రక్తనాళం ఎంత సన్నబడిందో. కాని గోడలో పేరుకున్న కొవ్వు వాచి, చిట్లి, అక్కడ రక్తం గడ్డకడితే, అంతగా సన్నబడని చోటా ముప్పే. గిన్నెలో పాలెన్ని ఉన్నాయో చూడడం వేరు, పొంగబోతున్నాయా అని చూడడం వేరు కదూ! ఆ రెండోదాని కోసమే శాస్త్రజ్ఞుల తాపత్రయం. మాలిక్యులర్ ఇమేజింగ్ అంటారు దాన్ని. రక్తపుగడ్డలో దారప్పోగుల్లా అల్లుకునే ఫైబ్రిన్‌ని పట్టుకునే మందుకి గెడోలినియాన్ని కట్టి పంపితే, గడ్డ మెరుస్తుంది. కంటికి ఆనని ఇనుపరేణువులు పంపితే, వాపున్న చోట చేరిన కణాలు వాటిని మింగుతాయి, ఆ మేర నల్లబడుతుంది. ఈ రెండూ మనుషుల మీదా ప్రయత్నించి చూశారు. అయినా ఇంకా పరిశోధనే, మన వీధి చివర స్కానింగు సెంటర్లో అడిగితే దొరకదు.

"నా కూతురి వేళకైనా వస్తుందా అండీ?" అని అడిగింది వదిన.

రావచ్చు గాని, ఈలోగా అమ్మాయికి బీపీ, సుగరు చూపించమన్నారు డాక్టరమ్మ. అమ్మాయికేమో తీరిక లేదు. పరీక్షలయ్యాక చూద్దామంటోంది. పిల్లాడి పరీక్షలు.