పాత కంప్యూటర్లకి డీవీడీ దొరక్క మేం పడిన పాట్లు

పాతపట్నం హాస్టల్ నుంచి రాస్తన్నాం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్‌కి ఎవరో దాతలు మూడు పాత కంప్యూటర్లు ఇచ్చారు. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లు ఎక్కింది మేమే మొదలు. కంప్యూటర్ అంటే పండగలాగే అనిపించింది. తీరా ఆన్ చేస్తే మూడింట్లోనూ విండోస్ ఎక్స్‌పీ. దానికి మైక్రోసాఫ్ట్ మరమ్మతులు ఆపేసింది 2014 ఏప్రిల్‌లో. స్కాలర్‌షిప్ పేజీ తెరుద్దామంటే బ్రౌజర్ తెరవదు. గుణుపురం వైపు మా సవర చుట్టాలు రాసే సొరంగ్ సొంపెంగ్ లిపి చూద్దామంటే అక్షరాలకి బదులు డబ్బాలు. ఆ లిపిని మంగయి గొమాంగో 1936లో తయారు చేస్తే, యూనికోడ్‌లోకి వచ్చింది 2012లో. 2001 నాటి ఎక్స్‌పీకి ఆ అక్షరాలు ఎక్కడ తెలుస్తాయి?

సరే, ఉబుంటు వేద్దామనుకున్నాం. 24.04 ఫైలు సుమారు 6 జీబీ. రోజుకి జీబీన్నర ఫోన్ డేటా మాది. నలుగురం పంచుకుని, డాబా మీద సిగ్నల్ దొరికే మూల కూచుని దింపాం. అప్పుడు తెలిసింది, మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీయే అని. పెన్‌డ్రైవ్‌లో వేస్తే ఈ పాత మిషన్లు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవ్వవు. ఆ లిస్టులో యూఎస్‌బీ అన్న మాటే లేదు! పైగా ఒకటి 32 బిట్ది. దానికి ఉబుంటు డెస్క్‌టాప్ డిస్కు 2017 అక్టోబర్ నుంచే రావడం లేదు.

ఒకప్పుడు ఉబుంటు వాళ్లు అడిగినోళ్ల ఇంటికి సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవోళ్లంట, 2011లో ఆపేశారు. ఆ మరుసటి ఏడాది 12.10తో ఫైలు 700 ఎంబీ సీడీలో పట్టకుండా పోయింది. అప్పటికి మేం ఒకటో తరగతికి కూడా వెళ్లలేదు.

ఇక్కడే మా గదిలో గొడవ అయ్యింది. "పాతవి ఎవులు మోస్తారు? ప్రతి డిస్కునీ పాత మిషన్ మీద ఎవులో ఒకలు పరీక్షించి చూడాల. ఆ మిషన్లే దొరకవు, పని చేసేవోళ్లు జీతం లేకుండా చేస్తన్నారు" అన్నాడు ఒక తమ్ముడు. నిజమే, కాదనలేం. ఇంకొకడు మాత్రం గట్టిగా అడిగాడు: "ఎప్పుడూ పాత సామానే మనకేటి? పాత డిస్కు ఉంచండని అడగడం కంటే కొత్త మిషన్ ఇమ్మని అడగొచ్చు గదా?" ఆ మాటకి మాకెవరికీ వెంటనే జవాబు రాలేదు. ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

కొత్తవి అడగాల్సిందే. అడుగుతున్నాం కూడా. కానీ అవి వచ్చేదాకా ఈ మూడింటినీ మూల పడెయ్యాలా? మేం కోరేది అన్ని పాతవాటినీ మొయ్యమని కాదు. ఒక్క చిన్న డిస్కు ఉంచితే చాలు, మిగతాది నెట్ నుంచి తెచ్చుకుంటాం.

అలాంటిది డెబియన్ 12లో దొరికింది. నెట్‌ఇన్‌స్టాల్ అంటారు, 32 బిట్‌కి కూడా ఉంది. ఖాళీ డీవీడీల కోసం పాతపట్నంలో షాపులన్నీ తిరిగాం. "ఇప్పుడు అవెవులు కొంటారు బాబూ" అని నవ్వారు. చివరికి పర్లాకిమిడిలో ఒక పాత ఫోటో స్టూడియో ఆయన నాలుగు ఇచ్చాడు. ఫోన్‌కి వైరు కట్టి నెట్ ఇచ్చి, రెండు రాత్రుళ్లలో మూడింట్లోనూ ఎక్కించాం. నోటో ఫాంట్ వేస్తే సొంపెంగ్ అక్షరాలు వచ్చాయి. సవర సీనియర్ అన్న తన పేరు ఆ లిపిలో కొట్టి, చాలాసేపు తెర వైపే చూస్తా ఉండిపోయాడు. 32 బిట్ది మాత్రం నెమ్మదిగానే నడుస్తది, అబద్ధం ఎందుకు.

2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలర్ తీసేశారు. డెబియన్ 12కి భద్రతా మరమ్మతులు 2028 జూన్ దాకానే. ఈలోపు మా డిగ్రీ అయిపోద్ది. ఆ మిషన్లు జూనియర్లకి మిగులుతాయి.

నాలుగు డీవీడీల్లో ఒకటి పాడైంది. రెండిటి మీద మార్కర్‌తో పేరు రాసి వార్డెన్ సార్ బీరువాలో పెట్టాం. ఇంకోటి ఖాళీగా ఉంది. సీతంపేట, మెళియాపుట్టి వైపు హాస్టళ్లలో ఇలాంటి మిషన్లు మూల పడుంటే ఇక్కడ రాయండి, రాసి పంపుతాం. మీ దగ్గర పనిచేసే డీవీడీ రైటర్ ఉంటే అదీ చెప్పండి, మాది ఎప్పుడు ఆగిపోద్దో తెలీదు.