రాత్రిళ్లు పళ్లు నూరేవాళ్ల కోసం

పిల్లలు నిద్రలో పళ్లు కొరికితే మన ఇళ్లల్లో మొదట వచ్చే మాట, "కడుపులో పురుగులున్నాయి, మందు వెయ్యండి." పురుగులుంటే మందు వెయ్యాల్సిందే. కానీ పళ్లు కొరకడానికి అవే కారణమనడానికి గట్టి ఆధారం లేదు. చాలామంది పిల్లల్లో పెద్దయ్యేకొద్దీ అదే తగ్గిపోతుంది.

నా బెంగంతా పెద్దవాళ్ల గురించే. లేవగానే కణతలు లాగడం, దవడ పట్టేయడం, చల్లనీళ్లకి పళ్లు జివ్వుమనడం... తలనొప్పి మాత్రలతోనే ఏళ్లు గడిపేస్తారు. పక్కన పడుకున్న మనిషి చెబితే తప్ప పళ్లు నూరుతున్నామని తెలియదు కూడా. ఒత్తిడి, పొద్దుపోయాక కాఫీ, మద్యం, సిగరెట్, కొన్ని డిప్రెషన్ మందులు దీన్ని పెంచుతాయి (ఆ మందులు మాత్రం సొంతంగా ఆపకండి, రాసిన డాక్టర్నే అడగండి). గట్టిగా గురక కూడా ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం) ఉందేమో చూపించుకోవాలి.

డెంటిస్టు చేసిచ్చే నైట్ గార్డ్ పళ్లు అరగకుండా కాపాడుతుంది గానీ నూరడాన్ని మాన్పించదు. పగలు కూడా ఫోన్ చూస్తూ, బండి నడుపుతూ మనకి తెలియకుండానే పళ్లు బిగబడుతుంటాం. పెదాలు కలిసున్నా లోపల పై పళ్లు, కింది పళ్లు ఎడంగా ఉండాలి. ఒక్కసారి ఇప్పుడే చూసుకోండి.

మీ ఇంట్లో ఎవరైనా రాత్రిళ్లు పళ్లు నూరుతుంటే దయచేసి వాళ్లకి చెప్పండి.