పాడేవాడు మారితే బ్యాండు మారినట్టేనా?

పద్మాపూర్‌లో మా ఇంట్లో పండక్కి అందరం చేరితే ఒక తగువు తప్పదు. పొలం పంపకాల గురించి కాదు, రాక్ బ్యాండ్ల గురించి. గాయకుడు మారాక కూడా అది అదే బ్యాండా, కాదా?

బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మా చిన్నాయన డీప్ పర్పుల్ మనిషి. నాగపూర్ నుంచి తెచ్చుకున్న క్యాసెట్లు ఇంకా దాచుకున్నారు. ఆయన లెక్కలో ఇయాన్ గిల్లన్ పాడితేనే డీప్ పర్పుల్, 1972 నాటి 'మెషీన్ హెడ్' దాని శిఖరం. 1973లో గిల్లన్ వెళ్ళిపోయాక డేవిడ్ కవర్‌డేల్ వచ్చి 1974లో 'బర్న్' ఆల్బంలో పాడాడు. మా అన్నదమ్ములకు అది ప్రాణం. "బోర్డు పాతదే, దుకాణం వేరేది" అంటారు చిన్నాయన.

మేము తెలుగు బడిలో చదవలేదు. నాన్న సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగం వల్ల కర్ణాటకలోని వాడిలో కన్నడ మీడియంలో చదివాం. ఇంగ్లీషు పాటలు కూడా కన్నడ అక్షరాల్లో రాసుకొనే నేర్చుకున్నాం. తెలుగు అక్షరాలు సెలవుల్లో ఇక్కడ నానమ్మ దగ్గర దిద్దాం.

నానమ్మకు మరాఠీ అర్థమయ్యేది కానీ నోట పలికేది కాదు. అందుకని ఆమె ఉన్నన్నాళ్ళూ ఇంట్లో అందరిదీ తెలుగే. ఆమె పోయి రెండేళ్ళు. ఇప్పుడు పిల్లలు మరాఠీలో అడుగుతారు, మేం హిందీలో జవాబిస్తాం. "ఇంక ఇది తెలుగువాళ్ళ ఇల్లేనా?" అన్నారు మొన్న చిన్నాయన. నవ్వుతూ అన్న మాట కాదది.

అప్పుడు ఏసీ/డీసీ సంగతి తీశాం. 1980 ఫిబ్రవరిలో వాళ్ళ గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. బ్యాండు ఆపేద్దామా అనుకున్నారు. ఆపొద్దన్నది అతని అమ్మానాన్నలే. బ్రయాన్ జాన్సన్ వచ్చాడు, జూలైకల్లా 'బ్యాక్ ఇన్ బ్లాక్' బయటికొచ్చింది. పోయినవాడి కోసం అట్టంతా నలుపు, మొదటి పాటకు ముందు గంట మోత. ఆ తర్వాత జాన్సన్ తన గొంతుతోనే పాడాడు.

చిన్నాయన ఒప్పుకోలేదు. "సరే, మీ డీప్ పర్పుల్‌లో డ్రమ్ములు ఎవరివి?" అని అడిగాం. 1968 నుంచి నలుగురు గాయకులు మారినా, ప్రతి జట్టులోనూ ఉన్నది డ్రమ్మరు ఇయాన్ పేస్ ఒక్కడే. వెనక కూర్చుని తాళం వదల్లేదు. దానికి చిన్నాయన కాసేపు ఏమీ అనలేదు. 'బర్న్' మాత్రం ఇంకా వినలేదు లెండి.

మా పొట్టకూడు సాఫ్ట్‌వేర్ టెస్టింగు. కొత్తది చేర్చినప్పుడల్లా పాతది పనిచేస్తోందా అని చూడడమే పని. ఇంటినీ అలాగే చూస్తున్నాం. పిల్లల తెలుగు నానమ్మ తెలుగులా ఉండదు. అలాగే ఉండాలని పట్టుబడితే అసలు నోరే విప్పరు. వాళ్ళ గొంతుతో వాళ్ళను మాట్లాడనివ్వాలి, తాళం పెద్దవాళ్ళం పట్టాలి.

ఇప్పుడు రాత్రి అన్నాల దగ్గర అందరం తెలుగే మాట్లాడాలని పెట్టుకున్నాం. చిన్నాయన రోజూ పిల్లలతో ఒక పేజీ చదివిస్తున్నారు. మధ్యలో మరాఠీ మాట దొర్లినా ఎవరం ఆపడం లేదు.