తిరిగిరాని నోట్లు

ఎర్రని రంగులో ఉన్న ఆ పది రూపాయల నోటును తొలిసారి చేతిలోకి తీసుకున్నవారు అది భారతదేశపు నోటే అనుకొంటారు. ఒకవైపు అశోకస్తంభపు సింహశీర్షం, రిజర్వు బ్యాంకు గవర్నరు హెచ్.వి.ఆర్. అయ్యంగారు సంతకం, రెండవవైపు తెరచాప ఎత్తి సాగే ఓడ, భారతీయ భాషల వరుసలో తెలుగు లిపిలోనూ పది రూపాయలన్న మాట. అన్నీ పరిచితమైన గుర్తులే. అయినా 1960లో ఆ నోటును ఏ విజయవాడ అంగడిలోనో ఇచ్చి బియ్యం కొనడానికి వీలులేదు. భారతదేశం ముద్రించిన ఆ నోటు భారతదేశంలో చెల్లదు. వరుససంఖ్యలో కనిపించే ‘జడ్’ అనే ఆంగ్లాక్షరం, మారిన రంగు ఆ సంగతిని చెప్పకనే చెబుతాయి. అది గల్ఫు రూపాయి. కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయి, అబుదాబి, మస్కట్ తీరాలలో మాత్రమే చెలామణి కావడానికి పుట్టిన ద్రవ్యం.

ఆ పుట్టుకకు మూలం బంగారం. 1959కి పూర్వం గల్ఫు తీరంలో భారతీయ రూపాయే నిత్యవ్యవహారంలో ఉండేది. ముత్యాల వ్యాపారి, ఖర్జూరాల వ్యాపారి, ఓడ సరంగు అందరూ రూపాయలనే లెక్కపెట్టేవారు. స్వాతంత్ర్యానంతరం భారతదేశంలోకి బంగారం దిగుమతిపై కఠినమైన ఆంక్షలుండగా, దుబాయి వంటి రేవుల్లో అది స్వేచ్ఛగా దొరికేది. దొంగచాటుగా సముద్రం దాటిన రూపాయి నోట్లతో అక్కడ బంగారం కొనేవారు. ఆ బంగారాన్ని ‘ధౌ’ అనే తెరచాప ఓడలలో పడమటి తీరానికి చేర్చేవారు. నోట్లు గల్ఫు బ్యాంకులలో పోగుపడేవి. వాటిని సమర్పించినప్పుడు రిజర్వు బ్యాంకు స్టెర్లింగ్ చెల్లించక తప్పేది కాదు. ఈ విధంగా దేశపు విదేశీ మారకనిధి బంగారపు బిళ్లలుగా మారి చీకటి బజారుకు చేరుతూ ఉండేది. ఆ దారిని మూయడానికే రిజర్వు బ్యాంకు చట్టాన్ని 1959లో సవరించి గల్ఫుకు వేరు నోట్లు పంపారు. ఒక రూపాయి ఎరుపు, అయిదు రూపాయలు నారింజ, పది రూపాయలు ఎరుపు, నూరు రూపాయలు ఆకుపచ్చ. ఒక రూపాయి నోటును భారత ప్రభుత్వం, తక్కినవాటిని రిజర్వు బ్యాంకు వెలువరించాయి. బంగారు దొంగరవాణాను అరికట్టడానికి పుట్టిన నోటు వెనుక తెరచాప ఓడ బొమ్మ యథాతథంగా ఉండిపోవడం విధి చేసిన పరిహాసం కాబోలు.

భాషాప్రియులకు ఇక్కడ మరొక ముచ్చట కనిపిస్తుంది. గల్ఫు దేశాలు తరువాతి కాలంలో రూపాయిని విడిచి దీనారాన్ని చేపట్టినప్పుడు ఆ పేరు తెలుగువారికి కొత్తది కాదు. శ్రీనాథుని కనకాభిషేకం నాటి దీనారాలు తెలుగు పాఠకులకు సుపరిచితమే. లాటిన్ పలుకైన ఆ మాట ఒకవైపు సంస్కృతంలోకి, మరొకవైపు అరబ్బీలోకి ప్రవేశించింది. రూప్యమన్న సంస్కృత శబ్దం నుండి వెలువడిన రూపాయేమో కడలి దాటి ఎడారి సంతలలో చెలామణి అయింది. నాణేలకంటె వాటి పేర్లే ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి.

గల్ఫు రూపాయి ఆయుర్దాయం స్వల్పం. కువైట్ 1961లోనే 13 రూపాయల 33 పైసలకు ఒక దీనారు చొప్పున సొంత ద్రవ్యాన్ని ప్రవేశపెట్టింది. 1965లో బహ్రెయిన్ పది రూపాయలకు ఒక దీనారు లెక్కన అదే బాట పట్టింది. ఖతార్, దుబాయిలు 1966 మార్చిలో ఉమ్మడి ద్రవ్యానికి ఒడంబడిక చేసుకొన్నాయి గాని, నోట్లు ఇంకా సిద్ధం కాలేదు. ఇంతలో ఆ ఏడాది జూన్ 6న భారత ప్రభుత్వం రూపాయి విలువను తగ్గించింది. అంతవరకు 4 రూపాయల 76 పైసలు పలికిన డాలరు 7 రూపాయల 50 పైసలయింది. గల్ఫు రూపాయి భారతీయ రూపాయితో ముడిపడినది కనుక దానికీ అదే గతి పట్టింది. ఢిల్లీలో జరిగిన నిర్ణయానికి దోహా వర్తకుని పెట్టెలోని పైకం రాత్రికి రాత్రే చిక్కిపోయింది. ఖతార్, దుబాయిలు కొంతకాలం సౌదీ రియాలును ఆశ్రయించాయి. అబుదాబి బహ్రెయిన్ దీనారును చేపట్టింది. సెప్టెంబరులో ఖతార్–దుబాయి రియాలు నోట్లు వచ్చాయి. తెరచాప ఓడ, చమురుబావిపై నిలిచే ఉక్కు గోపురం, ఖర్జూర వృక్షం వాటిమీది బొమ్మలు. వెలుగుకు ఎదురుగా పట్టుకొంటే నీటిగుర్తుగా డేగ తల కనిపిస్తుంది. వాటి జీవితమూ ఏడేళ్లే. ఐక్య అరబ్ ఎమిరేట్స్ దిర్హామును, ఖతార్ సొంత రియాలును 1973లో ప్రవేశపెట్టగా ఉమ్మడి నోట్లు బ్యాంకులకు మరలిపోయాయి.

సేకర్తల తపన సరిగా ఇక్కడే మొదలవుతుంది. పాతదైతే చాలు, విలువైనదే అని లోకుల నమ్మకం. అది సత్యం కాదు. నూరేళ్లు దాటిన నోట్లు కొన్ని కొద్దిపాటి వెలకే దొరుకుతాయి. నోటు వెల అది ఎంతకాలం బ్రతికిందన్న దానిపై కాదు, దాని తోబుట్టువులలో ఎన్ని బ్రతికాయన్న దానిపై ఆధారపడుతుంది. ప్రతి నోటూ ఒక రుణపత్రం. తిరిగి ఇచ్చిన నాడు పైకం చెల్లిస్తానన్న వాగ్దానం. గడువులోగా బ్యాంకుకు మరలిన నోటు నశిస్తుంది. మరలిరాని నోటే సేకర్తకు దక్కుతుంది. కాబట్టి ఆల్బములోని ప్రతి గల్ఫు నోటూ ఎవరో ఒకరు వసూలు చేసుకోని బాకీ. మరచిపోయారో, పోగొట్టుకొన్నారో, దూరదేశంలో ఉండి గడువు సంగతి వినలేదో ఎవరు చెప్పగలరు?

ఖతార్–దుబాయి శ్రేణిలో 1, 5, 10, 25, 50, 100 రియాళ్ల నోట్లున్నాయి. ఒక రియాలు నోటు వెదికితే దొరుకుతుంది. 25, 50 రియాళ్లవి మాత్రం అనుభవజ్ఞులైన సేకర్తలకు కూడా అందని మ్రానిపండ్లు. 50 రియాళ్ల నోటు మరీ అపురూపం. కారణం ఊహించడం కష్టం కాదు. ఒక రియాలు జ్ఞాపకంగా జేబులో మిగిలిపోవచ్చు. యాభై రియాళ్లను ఒక నావికుడు గాని, చమురుబావి కూలీ గాని జ్ఞాపకార్థం దాచుకొనగలడా? అది ఇంటికి పంపవలసిన సొమ్ము, అప్పు తీర్చవలసిన సొమ్ము. ఇరవై అయిదు అన్న విలువ మీద ప్రజలకు పెద్దగా మోజు ఉన్నట్లు కూడా తోచదు. విడిపోయిన తరువాత రెండు దేశాలూ తమ తొలి శ్రేణులలో ఆ విలువకు నోటే ముద్రించలేదు. నాడు దాచుకోలేని వారి లేమి నేడు ఆ నోటుకు కలిమి అయింది. వేలంశాలలో వెల పలికేటప్పుడు ఈ మాట ఎవరికీ గుర్తుండదు.

ప్రపంచ నోట్లకు ఆల్బర్ట్ పిక్ అనే జర్మన్ విద్వాంసుడు చేసిన సంఖ్యాక్రమమే సేకర్తలకు ప్రమాణం. ఆ కేటలాగులో గల్ఫు రూపాయలు ‘ఆర్1’ మొదలు ‘ఆర్4’ వరకు కనిపిస్తాయి. సంఖ్య తెలిసినంత మాత్రాన వెల తెలియదు. స్థితి తెలియాలి. మడత పడనిది ‘అన్‌సర్క్యులేటెడ్’. ఒకటి రెండు మడతలున్నది దాని తరువాతి మెట్టు. నలిగి, అంచులు చిరిగినది అట్టడుగు మెట్టు. ఒకే నోటు పై మెట్టున ఉంటే అట్టడుగు మెట్టుకంటె ఎన్నోరెట్లు పలుకుతుంది. ఇటీవలి కాలంలో నోటును ప్లాస్టిక్ కవచంలో బంధించి 70కి ఇన్ని అని మార్కులు వేసే సంస్థలు వచ్చాయి. నకిలీలను పట్టుకోవడానికి అది ఉపకరిస్తుంది, నిజమే. కాని 64కూ 66కూ నడుమ తేడాను కంటితో పోల్చలేనివారు ఆ అంకెకే ధనం పోయడం చూస్తే, నోటును చదవడం మాని చీటీని చదువుతున్నారనిపిస్తుంది.

చదవగలిగితే నోటు చాలా చెబుతుంది. ఎడమవైపు రెండు సన్నని రంధ్రాలు కనిపిస్తే అది కట్టలు కట్టి పిన్ను గుచ్చే భారతీయ బ్యాంకుల అలవాటుకు సాక్ష్యం. నిలువుగా నడిమికి ఒక మడత ఉంటే చొక్కా జేబు. అడ్డంగా, నిలువుగా కలిపి మూడు మడతలుంటే నడుముకు కట్టిన సంచి. నూనె మరక ఉంటే వంటశాల పక్కన బ్రతికిందేమో! ఈ గుర్తులను చెరిపివేయడానికి పూనుకొనేవారు ఉన్నారు. నోటును నీటిలో కడిగి, ఇస్త్రీపెట్టెతో అణచి, మడతలేనిదని అమ్ముతారు. అది అతిథికి పాచిఅన్నాన్ని వేడిచేసి కొత్త అన్నమని వడ్డించడం వంటిది. ఉబ్బెత్తుగా ఉండవలసిన సిరా అణగిపోయి వేలికి నునుపుగా తగులుతుంది. కాగితం కరకర పోయి మెత్తబడుతుంది. ఏటవాలుగా వెలుగులో పట్టుకొంటే పాత మడత నీడవలె తేలుతుంది. సబ్బుపొడి వాడి ఉంటే అతినీలలోహిత కాంతిలో కాగితం తెల్లగా మెరుస్తుంది. మోసం బయటపడిన నోటుకు అసలు స్థితిలో ఉండగా పలికే వెలలో కొద్దిభాగమైనా రాదు.

కడగనవసరం లేని మిలమిలలు కూడా మోసగించగలవు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు కేంద్రబ్యాంకులోని నోట్ల కట్టలు దోపిడీకి గురయ్యాయి. 1991లో విముక్తి పొందిన కువైట్ ఆ శ్రేణిని రద్దుచేసి కొత్త నోట్లు వెలువరించింది. ఎవరి చేతికీ చేరకుండానే చెల్లనివైపోయిన ఆ నోట్లు ఈనాటికీ కొత్తవిగానే ఉంటాయి. స్వల్పమైన వెలకే దొరుకుతాయి. అదే కల్లోలంలో లక్షకు పైగా భారతీయులు అమ్మాన్ మీదుగా విమానాలలో స్వదేశానికి చేరుకొన్నారు. వారిలో తెలుగువారు అనేకులు. దాచుకొన్న దీనార్లు మారక, పాతబట్టల నడుమ పెట్టె అడుగున ఉంచిన ఇళ్లూ ఉన్నాయి. బ్యాంకు నుండి దోచుకున్న దీనారు, బట్టల మడతలోని దీనారు చూడడానికి ఒకే తీరు. కేటలాగుకు వాటి మధ్య భేదం తెలియదు.

1973 తరువాత చమురు ధర పెరిగి గల్ఫు ద్వారాలు తెరుచుకొన్నప్పుడు కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి వలసలు హెచ్చాయి. కనుక గల్ఫు రూపాయి తెలుగు పల్లెలలో దొరకడం అరుదు. దిర్హాముల తొలి శ్రేణి దొరకవచ్చు. గుర్రం తల నీటిగుర్తుగా ఉన్న అటువంటి నోటు పట్టుకొని మనుమడొకడు వెల అడగవస్తే, తెలిసిన సేకర్త ముందుగా అతనికి కేటలాగులోని ధరను చూపాలి. అజ్ఞానాన్ని ఆసరా చేసుకొని పదోవంతుకు కొనడం వ్యాపారంలో చాతుర్యంగా చెలామణి అవుతున్నా, అది చేతులు మారిన దొంగతనమే. నోటును ఇంట్లోనే ఉంచుకొంటామన్నవారికి పాలిస్టరు కవరు వాడమనడం, లోకువగా దొరికే పి.వి.సి. కవర్లు కాలక్రమంలో జిగటగా మారి కాగితాన్ని తినివేస్తాయని చెప్పడం ఉచితం.

గల్ఫు రూపాయిని చిట్టచివర విడిచినది ఒమాన్. అక్కడ 1970 మే నెలలో 21 రూపాయలకు ఒక రియాలు చొప్పున సయీదీ రియాలు వచ్చింది. ఆ తొలి నోట్లపై ‘మస్కట్ అండ్ ఒమాన్ సల్తనత్’ అని దేశం పేరుంటుంది. అదే సంవత్సరం జూలైలో సుల్తాను మారాడు. ఆగస్టులో దేశం పేరే మారింది. జాగ్రత్తపరుడైన సేకర్త ఇటువంటి నోటును కవరులో ఉంచి, నోటుమీద ఏమీ రాయకుండా, కవరుతో పాటు ఒక చీటీ జతచేస్తాడు. అది ఏ ఊరిలో, ఏ ఇంటి నుండి, ఏ సంవత్సరంలో వచ్చిందో పెన్సిలుతో రాసి ఉంచుతాడు.