వాసన లేని ప్రకటన

సికింద్రాబాదులోని ఆ చిన్న బేకరీకి ప్రకటనతో పని ఉండేది కాదు. ఉస్మానియా బిస్కత్తుల వాసనే వీధి మలుపు దాకా వెళ్ళి జనాన్ని పిలుచుకొని వచ్చేది.

2020లో లాక్‌డౌన్ సడలినా వీధి నిండలేదు. ఆ జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ మనదేశంలో 15 సెకన్ల 'రీల్స్' ప్రవేశపెట్టింది. యజమాని కుమార్తె ఫోనును పిండి డబ్బాకు ఆనించి, బట్టీ వద్ద జరిగే పనిని చిత్రించింది.

"వాసన రాని బొమ్మను చూసి ఎవరు కొంటారమ్మా?" అన్నాడు తండ్రి.

కొన్నారు. అయితే వచ్చినవారిలో పలువురు ముందుగా అడిగింది బిస్కత్తులను కాదు, ట్రేలను బట్టీలోకి తోసే ఆ వృద్ధుణ్ణి. ముప్పై ఏళ్ళుగా ఆయన చేతి రుచి ఎరిగిన వీధి, ఆయన ముఖాన్ని ఎన్నడూ ఎరుగదు. వాసన సరుకునే చాటింది. చిత్రం మనిషిని చూపింది.

ఆ నెల నుండి ఆయన జీతం పెరిగింది.